టీఆర్పీ ఎవరు లెక్కపెడతారు? మా వీధిలో ఒక్కరినీ అడగలేదే

గోదారిగట్టు
మా అమ్మ నాలుగేళ్లుగా చూస్తున్న సీరియల్ పోయిన శుక్రవారం ఆపేశారు. కథ అయిపోయి కాదు, పెళ్లిమండపంలో తల్లి నిజం చెప్పబోతుండగా ఒక్క ఎపిసోడ్‌లో అందర్నీ కలిపేసి శుభం కార్డు వేసేశారు. అమ్మ రోజూ 7 అయ్యేసరికి గిన్నెలు తోమేసుకుని, పప్పు సిమ్‌లో పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది, యాడ్లు వస్తే లేచి పప్పు ఎనిపి మళ్లీ వచ్చేది. టీవీ ఫీల్డ్‌లో ఉన్న ఒకాయన్ని అడిగితే "టీఆర్పీ రాలేదమ్మా" అన్నాడంతే. మాది తణుకు దగ్గర ఊరు, మా వీధిలో పదకొండు ఇళ్లు, తొమ్మిదింట్లో ఇదే మోగేది, 7 గంటలకి వీధి మొదట్నించి చివరికి నడిస్తే ఒక్క డైలాగ్ కూడా పోదు. మమ్మల్నెవరూ అడగలేదు, ఏ కాగితం మీదా రాయించుకోలేదు. మరి రాలేదని ఎవరు చెప్పారు వీళ్లకి?

సూర్యాపేటోడు
మా ఇంటికి గూడ ఎవ్వలు రాలే. నాకు ముప్పై ఆరేండ్లు, పుట్టినకాడికెల్లి టీవీ సూస్తున్న, ఒక్కసారి గూడ ఎవ్వలడగలే.

వానచినుకు
అడగడం ఎందుకు, సెట్‌టాప్ బాక్స్‌లోంచే తెలిసిపోతుంది కదా మనం ఏది పెట్టామో. బాక్స్‌లో కార్డు ఉంటుంది చూడండి, దాన్నించి.

కేబుల్_బాబాయ్
వానచినుకు, అది తప్పు. ఆ కార్డు నువ్వు డబ్బు కట్టావా లేదా, ఏ ప్యాక్ తీసుకున్నావు అనే దానికి. డీటీహెచ్ అయితే పైన ఉపగ్రహం నుంచి కిందకి రావడమే గానీ నీ ఇంట్లోంచి పైకి వెళ్లే దారే లేదు. ఇంటర్నెట్ తగిలించిన బాక్సులుంటే వేరే సంగతి. పైగా చాలా ఇళ్లలో టీవీ కట్టేస్తారు, బాక్స్ రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. దాన్ని నమ్మితే అర్ధరాత్రి 2 గంటలకి ఊరంతా మేలుకుని భక్తి చానెల్ చూసినట్టు లెక్క వస్తుంది.

యాడ్_లెక్కలు
హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో మీడియా ప్లానింగ్ చేస్తాను, రోజూ ఈ అంకెలతోనే నా పని, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మన దేశంలో లెక్కపెట్టేది బార్క్, అంటే బ్రాడ్‌కాస్ట్ ఆడియెన్స్ రీసెర్చ్ కౌన్సిల్. 2010 లో పెట్టారు, డేటా ఇవ్వడం 2015 ఏప్రిల్ నుంచి. ఇది ప్రభుత్వానిది కాదు, చానెళ్ల సంఘానికి 60 శాతం, ప్రకటనలిచ్చే కంపెనీల సంఘానికి 20, మా ఏజెన్సీల సంఘానికి 20. అంతకుముందు టామ్ అని ఉండేది, దానికి పల్లెటూళ్లు అసలు లెక్కలోనే లేవు. బార్క్ వచ్చాకే 2015 అక్టోబర్ నుంచి పల్లెల అంకెలు కూడా రావడం మొదలైంది.

పని ఎలా జరుగుతుందంటే, ప్రతి చానెల్ సిగ్నల్ పైకి పంపే ముందే దాని శబ్దంలో మన చెవికి వినపడని ఒక గుర్తు కలిపేస్తారు, వాటర్‌మార్క్ అంటారు. ఎంపిక చేసిన ఇళ్లలో టీవీ దగ్గర బార్ ఓ మీటర్ అనే చిన్న పెట్టె ఉంటుంది, అది ఆ గుర్తుని పట్టుకుని ఈ చానెల్, ఈ టైమ్ అని రాసుకుంటుంది. టీవీలో ఏం వస్తోందో అలా తెలుస్తుంది. ఎవరు చూస్తున్నారో తెలియడానికి ఇంకో రిమోట్ ఇస్తారు, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బటన్. కూర్చోగానే నొక్కాలి, లేచి వెళ్లేటప్పుడు మళ్లీ నొక్కాలి. చుట్టాలొస్తే వాళ్లకీ బటన్ ఉంటుంది.

2020 నాటికి దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 21 కోట్లని బార్క్ లెక్క, అప్పుడు మీటర్లున్న ఇళ్లు 44,000. ఆ తర్వాత 55,000 దాటించారు.

సూర్యాపేటోడు
అంటే ఒక్క డబ్బా సుమారు 4,800 ఇండ్లకు సాక్ష్యమా. మా ఊరు మొత్తం ఒక్క ఇంటి మాట మీద నడుస్తదన్నట్టు.

గోదారిగట్టు
అక్కా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. కానీ సూర్యాపేట బ్రదర్ అన్నదే నా బాధ కూడా. మా ఊళ్లో ఒక్క మీటర్ కూడా లేకపోవచ్చు కదా, అప్పుడు మా అమ్మ చూసినా చూడకపోయినా ఒకటేనా?

లెక్కల_మాస్టారు
అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసుకుతామా? ఒక మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది. శాంపిల్ అంటే అదే. 21 కోట్ల ఇళ్లకి మీటర్ పెట్టక్కర్లేదు, సరిగ్గా ఎంచుకుంటే 44,000 చాలా ఎక్కువ కూడా. జనాభా ఎంతనేది కాదు, శాంపిల్ ఎంతనేదే ముఖ్యం, మా పిల్లలకి ప్రతి ఏడాదీ ఇది ఒప్పించడానికి నాకు రెండు పీరియడ్లు పడుతుంది.

హిందూపురం_రెడ్డెమ్మ
మాస్టారూ మెతుకు సంగతి బాగుంది గానీ అది ఒకే కుండలో ఒకే మంట మీద ఉడికే అన్నానికి సామీ. మన రెండు రాష్ట్రాలూ ఒక కుండా? మా హిందూపురంలో వీధిలో సగం ఇండ్లు కన్నడ చానెల్ పెడతాయి, అటు శ్రీకాకుళం సరిహద్దులో ఒడియా చూసేవాళ్లుంటారు, హైదరాబాద్ పాతబస్తీలో ఇంకోటి. ఏ మూల మెతుకు పట్టుకుంటే ఏ మూల ఉడికినట్టు చెప్తారు మీరు?

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న అమ్మా, ఒప్పుకుంటున్నా. అందుకే ఒక్క కుండ అనుకోకుండా ముందే చిన్న చిన్న కుండలుగా విడగొట్టి, ప్రతిదాంట్లోంచీ మెతుకులు తీయాలి. అది చేస్తున్నారా లేదా అనేది యాడ్_లెక్కలు చెప్పాలి.

యాడ్_లెక్కలు
చేస్తారు. మొదట బ్రాడ్‌కాస్ట్ ఇండియా అని ఒక పెద్ద సర్వే, 2018 లో చేసినప్పుడు 3 లక్షల ఇళ్లకి వెళ్లారు, ఏ భాష, ఎంతమంది, ఊరు ఎంత పెద్దది, డీటీహెచ్చా కేబులా ఇవన్నీ అడుగుతారు. దాని ప్రకారం ఏ రకం ఇళ్లు ఎన్ని కావాలో తేల్చి మీటర్లు పెడతారు. ఇంటి స్థాయిని జీతం అడిగి నిర్ణయించరు, ఎవరూ నిజం చెప్పరు కదా. సంపాదించే మనిషి చదువు, ఇంట్లో ఉన్న వస్తువులు, ఈ రెండే చూస్తారు. వస్తువుల జాబితాలో 11 ఉంటాయి, సీలింగ్ ఫ్యాన్, గ్యాస్ స్టవ్, ఫ్రిజ్, బండి, కారు ఇలా, పొలం కూడా అందులో ఒకటి.

కానీ ఒకటి నిజం చెప్తాను, ఆంధ్రా తెలంగాణ రెండూ కలిపి ఒకే మార్కెట్‌గా చూడ్డం మా దగ్గర అలవాటు. మాకు వారం వారం టేబుల్ మీదకొచ్చే అంకె అదే. హిందూపురం విడిగా కనపడదు, తణుకూ కనపడదు.

పిన్ని_కూతురు
ఇది చెప్పొచ్చో లేదో, కానీ ఇప్పుడు తీసేశారు కాబట్టి చెప్తున్నా, ఊరు మాత్రం చెప్పను. మా పిన్నీ వాళ్లింట్లో ఆ మీటర్ ఉండేది. సెలవులకి వెళ్లినప్పుడు చూశా. రిమోట్ మీద బాబాయ్ 1, పిన్ని 2, తాతయ్య 3, అమ్మమ్మ 4, తమ్ముడు 5. మొదటి నెల అందరూ బుద్ధిగా నొక్కారు. తర్వాత ఆ పని మొత్తం అమ్మమ్మ మీద పడింది. ఆవిడ పొద్దున్నే అయిదూ వరసగా నొక్కేసేది, "ఎవరో ఒకరు చూస్తారుగా, మళ్లీ మళ్లీ ఎందుకు" అని. తాతయ్య మధ్యాహ్నం వార్తలు పెట్టుకుని వాలుకుర్చీలో నిద్రపోయేవారు, కళ్లజోడు ఛాతీ మీద, నోరు కొంచెం తెరిచి, రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఆయన వార్తలు చూసినట్టే కదా లెక్క.

సూర్యాపేటోడు
తాత నిద్రవొయ్యి ఒక న్యూస్ చానెల్‌ను నిలబెట్టిండు.

వానచినుకు
అయ్యో అమ్మమ్మ 😂 మరి ఎవరూ వచ్చి చెప్పలేదా అలా నొక్కకూడదని?

పిన్ని_కూతురు
వచ్చేవాడండీ ఒకబ్బాయి, ఓపిగ్గా మళ్లీ మళ్లీ చూపించేవాడు. అమ్మమ్మ కాఫీ ఇచ్చి పంపించేది. పిన్ని మాత్రం చాలా శ్రద్ధగా చేసేది, వంటింట్లోకి వెళ్తే 2 ఆపి, వచ్చి మళ్లీ 2 నొక్కేది. "మన వల్ల తప్పు లెక్క రాకూడదు" అనేది. ఇంట్లో మీటర్ ఉందని పక్కింటివాళ్లకి కూడా చెప్పొద్దన్నారని చెప్పలేదు, మాకే రెండేళ్ల తర్వాత తెలిసింది.

యాడ్_లెక్కలు
పిన్నిగారికి దండం. ఇలాంటివాళ్ల వల్లే ఈ లెక్క నిలబడుతోంది. అయిదుగురూ పొద్దుటి నుంచి రాత్రి దాకా కదలకుండా చూశారంటే అది వింతగా కనపడుతుంది, అలాంటి ఇంటి డేటాని వేరు చేసి పక్కన పెట్టే పద్ధతులున్నాయి. ఇల్లు ఎవరిదో రహస్యంగా ఉంచడం మాత్రం ఈ మొత్తానికి ప్రాణం. టీవీల్లో, పేపర్లలో, యాడ్ కంపెనీల్లో పనిచేసేవాళ్ల ఇళ్లకి అసలు పెట్టరు, మా ఇంటికి జన్మలో రాదు.

నిద్రలేని_నరసాపురం
ఎంత రహస్యమండీ, 2020 లో ఏమైంది? మీటర్లున్న ఇళ్లు తెలుసుకుని నెలకి నాలుగైదు వందలిచ్చి ఫలానా చానెల్ పెట్టి ఉంచమన్నారని ముంబై పోలీసులే చెప్పారు కదా. ఇంగ్లీష్ రాని ఇంట్లో ఇంగ్లీష్ న్యూస్ పొద్దస్తమానం మోగిందట. అంతా మోసం, వదిలేయండి ఈ టీఆర్పీలు.

లెక్కల_మాస్టారు
అంతా మోసం అంటే నేను ఒప్పుకోను. అదే 2020 లో లాక్‌డౌన్ మొదలైనప్పుడు దూరదర్శన్ పాత పౌరాణికాలు మళ్లీ వేస్తే దేశంలోనే ఎక్కువమంది చూసిన చానెల్ అయి కూర్చుంది. అది కూడా ఇవే మీటర్లు చెప్పాయి. దూరదర్శన్ ఎవరికైనా అయిదొందలు ఇచ్చిందా? నిజంగా జనం అటు మళ్లితే మీటర్ పట్టుకుంటుంది. మోసం చెయ్యడానికి వీలయ్యేది ఎక్కడంటే చూసేవాళ్లు బాగా తక్కువ ఉన్న చోట.

ఒక ఊహ లెక్క చెప్తా, ఈ అంకె నాది, బార్క్‌ది కాదు. ఒక మార్కెట్‌లో 3,000 మంది శాంపిల్ ఉన్నారనుకోండి. ఒక సీరియల్‌కి రేటింగ్ 10, అంటే సుమారుగా నూటికి పదిమంది చూసినట్టు, వచ్చిందంటే నిజం 8.9 కి 11.1 కి మధ్య ఎక్కడో ఉంటుంది, పర్లేదు. 3 వచ్చిందంటే 2.4 నుంచి 3.6 దాకా ఏదైనా కావొచ్చు. 0.1 వచ్చిందంటే దానర్థం ముగ్గురు మనుషులు. ముగ్గురు! ఒక్క ఇంట్లో నాన్న, ఇద్దరు కొడుకులు. అలాంటి ఇంకో ఇంటికి డబ్బిస్తే చానెల్ రేటింగ్ రెట్టింపు చెయ్యొచ్చు. ఇంగ్లీష్ న్యూస్‌కి వచ్చిన జబ్బు అది.

యాడ్_లెక్కలు
మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఆ గొడవ తర్వాత 2020 అక్టోబర్ నుంచి న్యూస్ చానెళ్లకి విడివిడి రేటింగులు ఆపేశారు, మళ్లీ 2022 మార్చిలో గానీ ఇవ్వలేదు. అప్పట్నుంచి న్యూస్‌కి ఒక్క వారం అంకె విడిగా కాకుండా, నాలుగు వారాల సగటుని వారం వారం ముందుకి జరుపుతూ ఇవ్వడం మొదలుపెట్టారు, ఒక్క వారం ఎగిరిందని పండగ చేసుకోకుండా.

కేబుల్_బాబాయ్
ఇళ్లకి డబ్బులివ్వడం ఒక్కటే కాదు, ఇంకో దారి ఉంది. నేను 1998 నుంచి కేబుల్ నడిపాను. పాత టీవీల రోజుల్లో మొదటి పది పన్నెండు నంబర్లలోనే బొమ్మ శుభ్రంగా వచ్చేది, ఆ నంబర్ల కోసం చానెళ్లు పెద్ద నెట్‌వర్కులకి డబ్బు కట్టేవి, మీటర్లున్న పట్టణాల్లో ఆ డబ్బు ఇంకా ఎక్కువ, మా లాంటి పల్లెవాళ్లకి నమస్కారం కూడా ఉండేది కాదు. ఇప్పుడు ల్యాండింగ్ పేజీ. నువ్వు బాక్స్ ఆన్ చెయ్యగానే నువ్వు అడక్కుండా ఒక చానెల్ వస్తుంది చూడు, అది. రిమోట్ వెతుక్కుని మార్చేలోపు నువ్వు దాని ప్రేక్షకుడివి. 2018 డిసెంబర్‌లో టెలికాం, కేబుల్ రంగాల్ని చూసే నియంత్రణ సంస్థ ట్రాయ్ అలా పెట్టొద్దని ఆదేశం ఇస్తే, మరుసటి ఏడాది ఆ రంగాల తగాదాలు విచారించే ట్రిబ్యునల్ టీడీశాట్ దాన్ని కొట్టేసింది. దొంగతనం కాదంటారు, వ్యాపారం అంటారు. నా మనసుకి మాత్రం అది అన్యాయమే. ముసలాళ్లకి చానెల్ మార్చడం రాక అదే చూస్తూ కూర్చున్న ఇళ్లు నేను చూశాను, రిపేర్ అని ఫోన్ చేసి పిలిచేవాళ్లు "మా చానెల్ పోయింది బాబూ" అని.

ప్లేనో_పద్మ
ఇక్కడ అమెరికాలో కూడా మొన్నమొన్నటి దాకా కాగితమే అంటే నమ్ముతారా. పెళ్లై కొత్తగా వచ్చినప్పుడు అయోవాలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. ఇక్కడ టీవీ రేటింగులు లెక్కపెట్టే కంపెనీ నీల్సన్ వాళ్ల నుంచి కవర్ వచ్చింది, లోపల కొత్త డాలర్ నోట్లు, ఒక చిన్న పుస్తకం. వారం రోజులు పావుగంటకో గడి, ఏం చూశావు ఎవరు చూశారు రాసి పోస్ట్ చెయ్యాలి. మా ఆయన మోసం అనుకుని నోట్లు తిప్పి తిప్పి చూశాడు. నేను మాత్రం రోజూ రాత్రి కూర్చుని రాశా, ఈ దేశంలో నన్నడిగిన మొదటి మనిషి వాళ్లే అనిపించింది. డిష్‌లో చూసిన తెలుగు చానెల్ పేరు కూడా పెద్ద అక్షరాల్లో రాశా, వాళ్లకి ఏం అర్థమైందో. ఫిబ్రవరి, మే, జులై, నవంబర్ ఈ నాలుగు నెలల్లోనే ఆ డైరీలు వచ్చేవి కాబట్టి చానెళ్లు మంచి ప్రోగ్రాములన్నీ ఆ నెలలకే దాచేవి. 2018 లో డైరీలు ఆపేశారు.

హిందూపురం_రెడ్డెమ్మ
పద్మా ఆ డాలర్లు ఏం చేసినావు?

ప్లేనో_పద్మ
ఒకటి ఇప్పటికీ దేవుడి దగ్గర పసుపు డబ్బాలో ఉంది ఆంటీ.

వానచినుకు
ఇంత కష్టమెందుకు, యూట్యూబ్‌లో ప్రోమోకి ఎన్ని వ్యూస్ వచ్చాయో చూస్తే సరిపోదా?

లెక్కల_మాస్టారు
ఒకే కుర్రాడు పదిసార్లు చూస్తే పది వ్యూస్. గోదారిగట్టు వాళ్లమ్మగారు ఎన్నిసార్లు చూశారు యూట్యూబ్‌లో? సున్నా. ఆవిడ అక్కడ కూడా లెక్కలోకి రారు.

గోదారిగట్టు
అవును, అమ్మ ఫోన్‌లో చూడదు, కళ్లు లాగుతాయంటుంది. అక్కా ఇంకొక్కటి. మా వీధిలో తొమ్మిదిళ్లు చూశాయి అన్నాను కదా. నిజంగా అందరూ చూసినా కూడా రేటింగ్ తక్కువ రావొచ్చా?

యాడ్_లెక్కలు
రావొచ్చు. రేటింగ్ అంటే ఎంతమంది పెట్టారు అని కాదు, ఎన్ని నిమిషాలు చూశారు అని. పదిమంది ఉన్నారు, అరగంట సీరియల్. ఒకరు మొత్తం 30 నిమిషాలు చూశారు, ఇద్దరు 15 నిమిషాలు చూసి లేచిపోయారు, మిగతా ఏడుగురూ చూడలేదు. మొత్తం చూడగలిగింది 300 నిమిషాలు, చూసింది 60. రేటింగ్ 20. ముగ్గురు చూశారు కానీ 30 రాలేదు. మీ వీధిలో టీవీ మోగుతోంది సరే, ఎదురుగా కూర్చున్నది ఎంతమందో, ఎంతసేపో.

ఇంకా ఒకటి, కొంచెం బాధగానే చెప్తున్నా. నా టేబుల్ మీద రేటింగ్ ఒక్కటే ఉండదు. సబ్బు కంపెనీకి ఒక వయసు ఆడవాళ్లు కావాలి, బైక్ కంపెనీకి కుర్రాళ్లు కావాలి. ఒక పాయింట్ రేటింగ్‌కి ఎంత ఖర్చవుతోందో చూసి డబ్బు పెడతాం. మీ అమ్మగారి వయసెంత?

గోదారిగట్టు
63.

యాడ్_లెక్కలు
అమ్మగారి వయసువాళ్లు లెక్కలో ఉంటారు, కానీ మాకు కంపెనీలిచ్చే కాగితంలో ఆ వయసు అడిగేవాళ్లు చాలా తక్కువ. నేను ఇన్నేళ్లలో ఎన్నో సీరియళ్లకి డబ్బు తగ్గించి పక్క సీరియల్‌కి మార్చాను, 3.1 కి 2.7 కి తేడా చూసి. మాస్టారు చెప్పినట్టు ఆ రెండూ ఒకటే అయ్యుండొచ్చు. గురువారం అంకెలొస్తాయి, శుక్రవారానికి నిర్ణయం కావాలి, ఎవరూ ఆగరు. ఇది మీటర్ తప్పు కాదు, దాన్ని మేం చదివే తీరు తప్పు. మా మీటింగుల్లో చాలాసార్లు అన్నాను, కనీసం ఎనిమిది వారాలు చూసి నిర్ణయిద్దాం అని.

నిద్రలేని_నరసాపురం
ఇది నిజాయితీగా చెప్పారు, మీ మీద గౌరవం పెరిగింది. నేను అంతా మోసం అన్నది వెనక్కి తీసుకుంటున్నా, సగం మాత్రమే.

సూర్యాపేటోడు
అక్కా మరి మేం అడిగితే మా ఇంట్ల పెడ్తరా డబ్బా?

యాడ్_లెక్కలు
పెట్టరు తమ్ముడూ. ఇల్లు వాళ్లే ఎంచుకుంటారు, అడిగినవాళ్లకి పెడితే అక్కడే లెక్క చెడిపోతుంది. ఎవరైనా వచ్చి డబ్బులిస్తే మీటర్ పెట్టిస్తాం అంటే నమ్మకండి. ఒకవేళ నిజంగా మీ ఇంటికే వస్తే పిన్నిగారిలా నొక్కండి.

గోదారిగట్టు
నిన్న రాత్రి అమ్మకి ఇదంతా చెప్పాను. మీటర్, బటన్లు, 4,800 ఇళ్లకి ఒకటి, అన్నీ. శ్రద్ధగా విని "అయితే నేను చూస్తున్నట్టు వాళ్లకి తెలీనే తెలీదన్నమాట" అంది. నాకేం చెప్పాలో తోచలేదు. లేచి పెరుగు తోడు పెట్టడానికి వెళ్లిపోయింది.

కేబుల్_బాబాయ్
ఆ చానెల్ వాళ్ల యాప్ ఉంటుంది, పాత ఎపిసోడ్లు ఉంటాయేమో చూడు. ఫోన్ వద్దు, టీవీకి తగిలించే పుల్ల ఒకటి కొను, పెద్ద బొమ్మ కనపడుతుంది. లెక్కలోకి రాదు గానీ అమ్మ చూస్తుంది.

గోదారిగట్టు
బాబాయ్ కొన్నాను, ఉన్నాయి, మొదటి ఎపిసోడ్ నుంచి అన్నీ ఉన్నాయి. మధ్యాహ్నం పెడతానమ్మా అంటే వద్దంది. 7 కే పెట్టమంది. ఇప్పుడే పప్పు సిమ్‌లో పెట్టి వచ్చి కూర్చుంది, యాడ్లు రావట్లేదేంటి, నేను పప్పు ఎప్పుడు ఎనపాలి అని అడుగుతోంది.